టేపు కొక్కెం వదులుగా ఎందుకుంటుంది? ఇంట్లో పనిముట్లలో దాగిన ఏర్పాట్లను కనిపెట్టి వాడుకోవడం ఎలా

పనిముట్టు తయారుచేసే వాళ్ళు ఊరికే ఒక కన్నం పెట్టరు. కన్నం పెట్టాలంటే అచ్చు మార్చాలి, ఇంకో మిషను కావాలి, ఇంకాస్త పని పెరుగుతుంది. లక్షల్లో తయారయ్యే వస్తువులో ప్రతి చిన్న గాడికీ ఖర్చు లెక్క ఉంటుంది. అయినా మనం టేపుతో కొలిచి, సుత్తితో మేకు కొట్టి, కత్తెరతో కత్తిరించి మళ్ళీ డ్రాయర్లో పడేస్తాం. ఎవరో వాడుతుంటే చూసి నేర్చుకున్న పనులివి. వాళ్ళకి ఎంత తెలిస్తే మనకీ అంతే వచ్చింది. పెట్టెలో వచ్చిన కాగితం పెట్టెతోపాటే చెత్తబుట్టలోకి పోయింది.

ఒక సెలవు పూట ఇంట్లో ఉన్న పనిముట్లన్నీ ముందేసుకుని కూర్చుంటే చాలు. ఒక 30 సెంటీమీటర్ల స్టీలు స్కేలు, పెన్సిలు, పనికిరాని చెక్క ముక్క, నాలుగు మేకులు, నాలుగు స్క్రూలు దగ్గర పెట్టుకోండి. చదవడం మాత్రమే కాదు, ప్రతిదీ చేతిలోకి తీసుకుని చేసి చూడాలి.

అడుగు 1: ముందు చూడండి, ఏదీ సరిచేయకండి

పనిముట్లన్నీ గుడ్డతో తుడిచి వరసగా పెట్టండి. ఒక్కొక్కటే తీసుకుని తిప్పి చూడండి. ఎక్కడ కన్నం ఉంది, ఎక్కడ గాడి ఉంది, ఏ ముక్క కదులుతోంది, ఏది వంకరగా ఉంది, ఎక్కడ అంకె ముద్రించి ఉంది అన్నవి వెతకండి. ఒకటి కనపడగానే మిమ్మల్ని మీరు అడగాల్సిన ప్రశ్న: ఇది లేకపోయినా ఈ పనిముట్టు అసలు పని చేస్తుందా? చేస్తుందంటే, దాన్ని వేరే ఏదో పని కోసం పెట్టారన్నమాట. ఇక ఆ పనేమిటో వెతకాలి.

ఇక్కడ ఒక్క జాగ్రత్త. వదులుగా కనిపించిందని బిగించడం, గరుకుగా ఉందని ఆకురాయితో రాయడం, కన్నం ఉందని జిగురుతో పూడ్చడం లాంటివి ఇప్పుడే చేయకండి. ఇంట్లో పనిముట్లు పాడయ్యేది ఎక్కువగా ఇలాంటి మంచి ఉద్దేశంతోనే.

అడుగు 2: టేపుతో మొదలుపెట్టండి

అరచేతిలో పట్టే ఈ డబ్బాలో ఉన్నన్ని ఏర్పాట్లు ఇంట్లో మరే పనిముట్టులోనూ ఉండవు. స్ప్రింగుతో లోపలికి చుట్టుకునే టేపుకి అమెరికాలో ఆల్విన్ ఫెలోస్ 1868లో పేటెంటు తీసుకున్నాడు. నిటారుగా నిలబడేలా పట్టీని మధ్యలో పల్లంగా వంచే పద్ధతి 1920ల్లో హిరమ్ ఫారండ్‌తో వచ్చింది. ఇప్పుడు మీ చేతిలో ఉన్నది ఆ రెండూ కలిసినదే.

చివర ఉన్న కొక్కేన్ని వేళ్ళతో పట్టుకుని ముందుకీ వెనక్కీ లాగండి. కొంచెం ఆడుతుంది. చాలామంది దీన్ని చూసి టేపు పాతబడిందనుకుంటారు, రివిట్ల మీద సుత్తితో రెండు దెబ్బలు వేసి బిగించేస్తారు. ఆ దెబ్బతో టేపు చెడిపోతుంది. ఎందుకంటే కొక్కెం రేకుకి కూడా కొంత మందం ఉంది, సుమారు ఒక మిల్లీమీటరు. చెక్క చివరకి కొక్కెం తగిలించి లాగి కొలిచేటప్పుడు సున్నా ఆ రేకు లోపలి వైపు నుంచి మొదలవ్వాలి. గోడకి ఆనించి నెట్టి కొలిచేటప్పుడు రేకు బయటి వైపు నుంచి మొదలవ్వాలి. రెండింటికీ తేడా ఆ రేకు మందమంత. అందుకే కొక్కేన్ని సరిగ్గా తన మందమంత దూరం కదిలేలా బిగించారు. లాగితే ముందుకి జరుగుతుంది, నెడితే వెనక్కి పోతుంది. కొలత రెండు విధాలుగానూ సరిగ్గా వస్తుంది.

మీ టేపులో ఇది ఇంకా బాగానే ఉందో లేదో ఇలా చూడండి.

ముందుగా స్టీలు స్కేలు చివరకి కొక్కెం తగిలించి లాగండి. రెండో చివర దగ్గర టేపు మీద అంకె చూసి రాసుకోండి. ఇప్పుడు స్కేలు ఒక చివరని గోడకి ఆనించి, పక్కనే టేపు కొక్కేన్ని కూడా గోడకి నొక్కి పెట్టి మళ్ళీ అదే చివర చదవండి. రెండు అంకెలూ ఒకటే అయితే టేపు మంచిదే. తేడా వస్తే కొక్కెం వంగి ఉండాలి, లేదా రివిట్ల దగ్గర కన్నాలు పెద్దవై ఉండాలి. స్కేలు చివరలు అరిగి లేకుండా, సున్నా గీత సరిగ్గా చివరనే ఉండేలా చూసుకోండి, లేకపోతే తప్పు టేపు మీద వేస్తాం.

తేడా ఉన్న టేపుని పారేయక్కర్లేదు. కొక్కేన్ని వదిలేసి 10 సెంటీమీటర్ల గీత నుంచి కొలవడం మొదలుపెట్టి, వచ్చినదాంట్లోంచి 10 తీసేయండి. టేపు బాగున్నా సరే, మిల్లీమీటరు కూడా తేడా రాకూడని పనికి వడ్రంగులు ఇలాగే చేస్తారు. తీసివేయడం మరచిపోతే మాత్రం చెక్క సరిగ్గా 10 సెంటీమీటర్లు పొడుగవుతుంది, కాబట్టి కొలత రాసుకునేటప్పుడే తీసేసి రాయండి.

కన్నాలు పెద్దవయ్యేది ఎలాగంటే, టేపుని ఒక్కసారిగా వదిలేసినప్పుడు కొక్కెం వచ్చి డబ్బాకి ఠప్పుమని తగలడం వల్ల. చివరి జానెడు లోపలికి వెళ్ళేటప్పుడు వేలితో ఆపుతూ నెమ్మదిగా వదలండి. పిల్లలకి ఆ చప్పుడు సరదాగానే ఉంటుంది, టేపుకి కాదు.

ఇప్పుడు కొక్కెం మధ్యలో ఉన్న సన్నని గాడి చూడండి. మేకు తలనో స్క్రూ తలనో పట్టుకోవడానికది. ఒక్కరే పెద్ద గోడ కొలుస్తున్నారనుకోండి, అటు చివర ఇంకో మనిషి అక్కర్లేదు. చిన్న మేకు సగం దిగేలా కొట్టి దాని తలకి ఈ గాడి తగిలించి లాగుకుంటూ రావచ్చు. వృత్తం గీయడానికి కూడా ఇదే పనికొస్తుంది. మధ్యలో మేకు, దానికి గాడి, కావలసిన కొలత దగ్గర టేపు అంచుకి పెన్సిలు ఆనించి చుట్టూ తిప్పండి. మేకు లావుని బట్టి కాస్త తేడా రావచ్చు కాబట్టి ముందు అట్ట మీద గీసి చూసి, తర్వాత అసలు చెక్క మీద గీయండి.

కొక్కెం కింది అంచు మీద వేలు రాయండి. కొన్ని టేపుల్లో అది రంపం పళ్ళలా గరుకుగా ఉంటుంది. పెన్సిలు దొరకనప్పుడు చెక్క మీద గీత పెట్టుకోవడానికి ఆ గరుకు. ఆ అంచుతో చెక్కని గట్టిగా అటూ ఇటూ గీకితే గుర్తు పడుతుంది. అందంగా ఉండదు గానీ పని జరుగుతుంది.

తర్వాత డబ్బా. దాని పక్కనో అడుగునో ఒక అంకె ముద్రించి ఉందేమో చూడండి, 70 మిల్లీమీటర్లో, 75 మిల్లీమీటర్లో, ఇంకొకటో. అది డబ్బా పొడవు. కిటికీ చట్రం లోపలో, అల్మారా లోపలో కొలిచేటప్పుడు టేపుని మూలలో వంచి అందాజుగా చదువుతాం కదా, అక్కడే తప్పు వస్తుంది. వంచకండి. కొక్కేన్ని ఒక గోడకి, డబ్బా వీపుని ఎదుటి గోడకి ఆనించండి. టేపు బయటికి వచ్చే నోటి దగ్గర అంకె చదివి, దానికి డబ్బా పొడవు కలపండి. అంకె లేకపోతే మీరే స్కేలుతో డబ్బాని కొలిచి చెరిగిపోని పెన్నుతో రాసుకోండి.

పట్టీ మధ్యలో పల్లంగా ఉండటం వల్ల అది గాల్లో చాలా దూరం వాలిపోకుండా నిలుస్తుంది. ఆ పల్లం పైకి ఉండేలా పట్టుకుంటేనే ఆ బలం. బోర్లా తిప్పి చాచి చూడండి, త్వరగా మడతపడిపోతుంది. ఇదే పల్లం వల్ల ఒక చిక్కు కూడా ఉంది: టేపుని బల్ల మీద పెట్టినప్పుడు దాని అంచులు కాస్త పైకి లేచి ఉంటాయి. పక్క నుంచి చూస్తే గీత ఒకచోట, పైనుంచి చూస్తే ఇంకోచోట కనిపిస్తుంది. గుర్తు పెట్టేటప్పుడు టేపుని కొంచెం పక్కకి వాల్చి, అంచు చెక్కకి తగిలేలా చేసి చదవండి.

అంగుళాల టేపు ఉంటే 19.2 అంగుళాల దగ్గర చిన్న నల్లని డైమండు గుర్తు కనిపించవచ్చు, దాని తర్వాత అంతే దూరంలో ఇంకొకటి. ఇది అమెరికా లాంటి చోట్ల, చెక్క చట్రాలతో ఇళ్ళు కట్టే వాళ్ళ కోసం. 8 అడుగుల పలకని 5 సమభాగాలు చేస్తే ఒక్కొక్కటి 19.2 అంగుళాలు. 16 అంగుళాలకొకసారి ఎర్ర గుర్తు ఉంటే అది 6 భాగాల లెక్క. అలాంటి ఇల్లు మీది కాకపోయినా, 8 అడుగుల ప్లైవుడ్‌కి సమదూరంలో మేకులు కొట్టాలంటే ఆ గుర్తులు పనికొస్తాయి.

అడుగు 3: పానాలను తిప్పి చూడండి

రెండు వైపులా నోరు తెరుచుకుని ఉండే మామూలు పానాని బల్ల మీద పెట్టండి. నోరు పిడికి తిన్నగా ఉండదు, ఒక పక్కకి 15 డిగ్రీలు వాలి ఉంటుంది. సింకు కిందో, గోడ మూలలోనో పని చేసేటప్పుడు ఆ వాలు విలువ తెలుస్తుంది.

నట్టుకి ఆరు ముఖాలు. అంటే 60 డిగ్రీలు తిప్పితే తప్ప పానా మళ్ళీ తర్వాతి ముఖాలకి పట్టదు. ఇరుకులో అంత తిప్పడానికి చోటుండదు. ఇప్పుడిలా చేయండి: పానా పెట్టి దొరికినంత, అంటే 30 డిగ్రీలు తిప్పండి. తీసి, పానాని బోర్లా తిప్పి మళ్ళీ పెట్టండి. వాలు ఈసారి రెండోవైపుకి వస్తుంది కాబట్టి అదే చోట నట్టుకి పడుతుంది. ఇంకో 30 డిగ్రీలు తిప్పండి. ఇలా ఒకసారి మామూలుగా, ఒకసారి బోర్లాగా మారుస్తూ పోతే సగం చోటులోనే నట్టు ఊడుతుంది. ఇది చదివితే గజిబిజిగా ఉంటుంది, ఒక్కసారి చేతిలో పెట్టుకుని చేస్తే ఇక మరచిపోరు.

నోరు పెద్దదీ చిన్నదీ చేసుకునే స్క్రూ స్పానర్‌ది వేరే కథ. దాని రెండు దవడల్లో ఒకటి పిడితో కలిసిపోయి ఉంటుంది, రెండోది మర మీద జరుగుతుంది. జరిగే దవడ బలహీనమైనది. అందుకని తిప్పే ముందు చూసుకోండి: మీరు పిడిని ఏ వైపుకి లాగుతున్నారో ఆ వైపున జరిగే దవడ ఉండాలి. అప్పుడు అసలు భారం కదలని దవడ మీద పడుతుంది. తిరగేసి పట్టుకుంటే దవడ కొద్దికొద్దిగా తెరుచుకుంటుంది, నట్టు మూలలు అరిగి గుండ్రంగా అయిపోతాయి. పానా మంచిది కాదని తిట్టుకునే వాళ్ళలో చాలామంది తిరగేసి పట్టుకున్న వాళ్ళే. పెట్టాక మరని ఇంకొంచెం తిప్పి, నట్టు మీద ఆట లేకుండా బిగించడం కూడా మరవకండి.

అడుగు 4: స్క్రూడ్రైవరు, డ్రిల్లు

స్క్రూడ్రైవరు పిడికీ కడ్డీకీ కలిసే చోట చూడండి. కొంచెం మంచి రకాల్లో అక్కడ ఆరు పలకల లోహపు ముక్క ఉంటుంది, లేదా కడ్డీయే నలుపలకగా ఉంటుంది. తుప్పుపట్టి కదలని స్క్రూ కోసం అది. ఒక అరచేత్తో స్క్రూడ్రైవరుని స్క్రూలోకి గట్టిగా అదిమి పట్టండి, రెండో చేత్తో ఆ పలకలకి పానా పెట్టి నెమ్మదిగా తిప్పండి. చేతి బలం కంటే ఎన్నో రెట్లు బలం వస్తుంది. అదమడం తగ్గితే స్క్రూ తల చెరిగిపోతుంది, అందుకే బలమంతా ముందు అదమడంలో పెట్టండి, తిప్పడం తర్వాత.

పిడి చివర కన్నం ఉంటే అది ముందుగా మేకుకి తగిలించుకోవడానికి. అందులో ఇంకో కడ్డీ దూర్చి తిప్పమని చెప్పేవాళ్ళున్నారు. చిన్నాచితకా స్క్రూలకి సరే. గట్టిగా పట్టిన స్క్రూకి ఆ పని చేస్తే ప్లాస్టిక్ పిడి పగలవచ్చు. లోహపు పలకలు ఉండగా ఆ కన్నం జోలికి నేను పోను.

ఇక స్క్రూ తల. తల మీద ప్లస్ గుర్తులా గాడి ఉన్నవన్నీ ఒకటే అనుకోవడం వల్ల చాలా స్క్రూలు పాడవుతాయి. తలని వెలుతురులో చూడండి. పెద్ద నాలుగు గాడుల మధ్యలో, 45 డిగ్రీల వాలులో నాలుగు సన్నని గీతలు కనిపిస్తే అది పోజీడ్రైవ్. గీతలు లేకపోతే చాలావరకు ఫిలిప్స్. ఫిలిప్స్ గాడులు లోపలికి పోయేకొద్దీ సన్నబడతాయి కాబట్టి తిప్పుతుంటే బిట్టు, అంటే స్క్రూలో దూరే మొన, బయటికి ఎగదన్నుతుంది. పోజీడ్రైవ్ గాడుల గోడలు దాదాపు నిటారుగా ఉంటాయి, బిట్టు అంతగా జారదు. ఫిలిప్స్ బిట్టుని పోజీడ్రైవ్ స్క్రూలో పెడితే పట్టినట్టే ఉంటుంది, బలం పెట్టగానే జారుతుంది. బిట్ల మీద పీహెచ్ (ఫిలిప్స్), పీజెడ్ (పోజీడ్రైవ్) అనే అక్షరాలూ పక్కన 1, 2, 3 అనే సైజు అంకెలూ చెక్కి ఉంటాయి. డబ్బాలోని బిట్లన్నీ ఒకసారి తీసి ఈ రెండు రకాలూ వేరుచేసి పెట్టుకోండి.

బ్యాటరీ డ్రిల్లు ఉంటే దాని మెడ చుట్టూ అంకెలున్న రింగు చూడండి. దాన్ని ఎప్పుడూ ముట్టుకోని ఇళ్ళు చాలా ఉంటాయని నా అనుమానం. ఆ రింగు లోపల క్లచ్ ఉంటుంది. స్క్రూ బిగిసి ఇక తిరగనంటే, క్లచ్ టకటకమని చప్పుడు చేస్తూ బలం వదిలేస్తుంది. అలా లేకపోతే స్క్రూ చెక్కలో లోతుకి దిగిపోతుంది, లేదా తల చెరుగుతుంది, లేదా మీ మణికట్టు మెలిపడుతుంది. అంకెలు ఏ కొలతకీ సంబంధించినవి కావు, చిన్న అంకె తక్కువ బలం, పెద్ద అంకె ఎక్కువ బలం, అంతే.

పనికిరాని చెక్క ముక్క మీద ఇలా చేసి చూడండి. వేగం మీట ఉంటే 1 మీద పెట్టండి. రింగుని 3 దగ్గర పెట్టి స్క్రూ దించడం మొదలుపెట్టండి. తల ఇంకా పైన ఉండగానే టకటకలాడితే రింగుని రెండు అంకెలు పెంచి మళ్ళీ నొక్కండి. తల చెక్కతో సమంగా దిగినప్పుడు ఆగే అంకె దొరికేదాకా ఇలాగే. ఆ అంకె ఆ చెక్కకీ ఆ స్క్రూకీ మాత్రమే. వేరే చెక్క పట్టుకున్నప్పుడు మళ్ళీ కింద నుంచి మొదలుపెట్టాలి. కన్నం వేయడానికి రింగుని డ్రిల్లు బొమ్మ దగ్గరికి తిప్పాలి, అప్పుడు క్లచ్ జారదు. సుత్తి బొమ్మ ఉంటే అది ఇటుక, కాంక్రీటు గోడలకి మాత్రమే. చెక్కకీ రేకుకీ వాడితే కన్నం చెదురుతుంది.

ముందుకీ వెనక్కీ తిప్పే మీటని రెండు వైపులకీ కాకుండా సరిగ్గా మధ్యలో ఆపి చూడండి. ట్రిగ్గరు నొక్కడానికి కుదరదు. అది తాళం. బిట్టు మార్చేటప్పుడు, డ్రిల్లుని సంచిలో పెట్టేటప్పుడు మీట మధ్యలో ఉండాలి. కరెంటుతో నడిచే పాత డ్రిల్లయితే ప్లగ్గు తీసేయడం ఒక్కటే మార్గం. తాళంచెవితో బిగించే చక్ (బిట్టుని పట్టుకునే మూతి) ఉంటే చుట్టూ మూడు కన్నాలుంటాయి. ఒక్కదాంట్లోనే బిగించి వదిలేయకండి, మూడింటిలోనూ వరసగా బిగించండి. అప్పుడే మూడు దవడలూ బిట్టుని సమంగా పట్టుకుంటాయి, పనిలో బిట్టు జారదు.

అడుగు 5: కోసేవి

బ్లేడు బయటికి జరిగే కట్టర్ తీసుకోండి. బ్లేడు మీద వాలుగా గీతలు ఉంటాయి. మొన మొద్దుబారితే ఆ గీత దగ్గర విరిచేసి, కొత్త మొన వాడుకోవాలి. ఈ ఆలోచన జపాన్‌లోని ఒసాకాలో యోషియో ఒకాడాకి 1956లో వచ్చింది. పగిలిన గాజు పెంకుల పదునునీ, ముక్కలుగా విరిచే చాక్లెట్ పలకనీ కలిపి ఆలోచించాడాయన. ఆయన మొదలుపెట్టిన ఓల్ఫా కంపెనీ ఇప్పటికీ ఆ కట్టర్లే చేస్తోంది.

విరవడానికి చాలామంది బ్లేడుని బల్ల అంచుకి పెట్టి నొక్కుతారు. ముక్క ఎగిరి ఎటు పోతుందో చెప్పలేం. కట్టరు వెనక ఉన్న మూతని లాగి చూడండి, చాలావాటిలో ఊడి వస్తుంది. దానికి ఒక సన్నని చీలిక ఉంటుంది. బ్లేడుని ఒక్క గీత మాత్రమే బయటికి జరిపి, గీతలున్న వైపు పైకి ఉంచి, చివరి ముక్కని మూత చీలికలో దూర్చి కిందికి వంచండి. టక్కుమని ముక్క మూతలోనే ఉండిపోతుంది. మూత రాకపోతే కటింగ్ ప్లేయరుతో పట్టుకుని విరవండి. ఎలా చేసినా ముఖం పక్కకి పెట్టుకోండి, కళ్ళద్దాలుంటే ఇంకా మంచిది. విరిచిన ముక్కలు పాత మందు డబ్బాలో వేసి మూత పెట్టి పారేయండి, ఊరికే చెత్తలో వేస్తే చెత్త ఎత్తే వాళ్ళ చేయి తెగుతుంది.

కత్తెరల సంగతి. గుడ్డ కత్తిరించే పెద్ద కత్తెర పిడి పైకి వంగి ఉంటుంది. కింది బ్లేడు బల్ల మీద ఆనుకుని జారాలని, గుడ్డ పైకి లేవకూడదని ఆ వంపు. గాల్లో పట్టుకుని కత్తిరిస్తే ఆ వంపు వృథా. ఒక మొన వాడిగా, ఒకటి మొద్దుగా ఉంటే మొద్దుది గుడ్డ కిందికి పోవాలి, లోపలి పొరకి గుచ్చుకోదు.

ఎడమచేతి వాటం వాళ్ళకి ఒక మాట. మామూలు కత్తెర మీకు సరిగ్గా తెగకపోతే లోపం మీలో లేదు. కుడిచేత్తో పట్టుకున్నప్పుడు బొటనవేలూ మిగతా వేళ్ళూ ఇచ్చే ఒత్తిడి రెండు బ్లేడుల్నీ ఒకదానికొకటి దగ్గరగా నొక్కుతుంది. ఎడమచేత్తో పట్టుకుంటే అదే ఒత్తిడి వాటిని విడదీస్తుంది, మధ్యలో గుడ్డ నలుగుతుంది. ఎడమచేతి కత్తెరలో బ్లేడులే తిరగేసి ఉంటాయి. పిడి ఆకారం మార్చి రెండు చేతులకీ పనికొస్తుందని అమ్మేవి ఈ చిక్కుని తీర్చవు.

వంటింటి కత్తెరని పూర్తిగా తెరిచి చూడండి. కొన్ని రెండు ముక్కలుగా విడిపోతాయి, కడుక్కోవడానికి అలా చేశారు. విడదీయకుండా కడిగితే ఇరుసు దగ్గర మురికి అలాగే ఉండిపోతుంది. పిడుల మధ్య పళ్ళుంటే సీసా మూత పట్టి తిప్పడానికి. ఇరుసు పక్కన బ్లేడులో చిన్న గుండ్రని పల్లం ఉంటే కాడలు, ఎముకల్లాంటి గట్టివాటికి. అక్కడ పెడితే జారవు, బలమూ ఎక్కువ పడుతుంది.

అడుగు 6: కొట్టేవి, కోసేవి, మట్టం చూసేవి

సుత్తి తల మీద పైభాగంలో సన్నని గాడీ అందులో అయస్కాంతమూ ఉన్నాయేమో చూడండి. ఉంటే మేకుని అందులో పెట్టి ఒంటిచేత్తో మొదటి దెబ్బ వేయవచ్చు, రెండో చేయి పైన దేన్నో పట్టుకుని ఉన్నప్పుడు బాగా పనికొస్తుంది. మేకు లాగేటప్పుడు చీలిక కొమ్ముల వైపు తల కింద చిన్న చెక్క ముక్క పెట్టండి. ఎత్తు పెరుగుతుంది, మేకు వంగకుండా తిన్నగా వస్తుంది, గోడకీ బల్లకీ గుంట పడదు.

చెక్క పిడి సుత్తి తల వదులైతే నేల మీద తలతో బాదడం సరైన పద్ధతి కాదు. తల కన్నం మధ్యలో ఇరుకుగా, పైనా కిందా వెడల్పుగా ఉంటుంది. పైన చీలుస్తూ కొట్టిన మేకు పిడి చివరని వెడల్పు చేసి అందులో ఇరికిస్తుంది. సుత్తిని తల కిందికి వేలాడేలా పట్టుకుని, పైన ఉన్న పిడి చివర మీద చెక్క సుత్తితో కొట్టండి. తల ఊడి కింద పడుతుందేమో అనిపిస్తుంది. కానీ బరువైన తల ఉన్నచోటే ఉంటుంది, తేలికైన పిడి కిందికి దూసుకుపోయి తలలోకి ఇంకా బిగుస్తుంది. ఆ తర్వాత చీల మేకుని ఒక దెబ్బ వేయండి. పిడి పగులు కనిపిస్తే మాత్రం ఇవేవీ వద్దు, పిడి మార్చండి.

చేతి రంపం కొన్నిటిలో పిడి అంచులు బ్లేడు వీపుకి 90 డిగ్రీల్లోనూ 45 డిగ్రీల్లోనూ ఉంటాయి. ఆ అంచుని చెక్క పక్కకి ఆనించి, బ్లేడు వీపు వెంట పెన్సిలు గీస్తే మూలమట్టం అవసరం లేకుండానే గీత వస్తుంది. హ్యాక్‌సాలో బ్లేడు పళ్ళు ముందుకి చూడాలి, నెట్టేటప్పుడే కోస్తుంది. బ్లేడు తగిలించే మేకుల్ని తిప్పగలిగితే బ్లేడుని పక్కకి 90 డిగ్రీలు మళ్ళించవచ్చు. పొడవాటి రేకు కోసేటప్పుడు చట్రం అడ్డు రాదు. పల్చటి రేకుకి సన్న పళ్ళ బ్లేడు తీసుకోండి, ఎప్పుడూ కనీసం మూడు పళ్ళు లోహం మీద ఉండాలి.

రసమట్టం నిజం చెబుతోందో లేదో తెలుసుకోవడానికి సమతలం అక్కర్లేదు. ఏ బల్ల మీదైనా పెట్టి బుడగ ఎక్కడుందో చూడండి. అదే చోట రెండు చివరలూ అటు ఇటు మార్చి మళ్ళీ పెట్టండి. బుడగ మీకు కనిపించే అదే వైపుకి, అంతే దూరం ఉంటే మట్టం మంచిది, బల్లే వాలుగా ఉంది. బుడగ ఇంకోచోటికి మారితే మట్టమే తప్పు. అడుగున పొడవునా వంకీ గాడి ఉంటే పైపుల మీద జారకుండా నిలవడానికి.

అడుగు 7: డ్రాయర్లో మిగిలినవి, గబగబా

స్టాప్లరు కింద పిన్ను వంచే చిన్న రేకు తిరుగుతుంది. తిప్పితే పిన్ను కాళ్ళు లోపలికి కాకుండా బయటికి వంగుతాయి. తర్వాత తీసేయాల్సిన కాగితాలకి ఈ పద్ధతి, పిన్ను సులువుగా వస్తుంది.

తాళం కప్ప అడుగున తాళంచెవి కన్నం పక్కన ఉన్న సన్నని కన్నం లోపలికి పోయిన నీళ్ళు కారిపోవడానికి. బయట వేలాడే తాళమైతే ఆ కన్నం మూసుకుపోకుండా చూసుకోండి, ఒక చుక్క నూనె వేయడానికీ అదే దారి.

అల్యూమినియం ఫాయిలు పెట్టె రెండు చివర్లా అట్ట మీద నొక్కే చిన్న ముక్కలుంటే లోపలికి నొక్కండి. రోలు పెట్టెలోంచి బయటికి దూకదు. పీలరు కొసన ఉన్న చిన్న వంపు కూరగాయల మీద కళ్ళలా ఉండే మచ్చలు తవ్వి తీయడానికి. ఇస్త్రీ పెట్టె అడుగు పలక ముందు అంచున సన్నని గాడి ఉంటే గుండీల కిందికి దూరడానికి. కొత్త ట్యూబు మూతి రేకుతో మూసి ఉంటే మూతని తిరగేయండి, వెనక మొన ఉంటుంది.

సందులు పూడ్చే సిలికాన్ ట్యూబుని నొక్కే సిలికాన్ గన్ ఒక్కదాని గురించి కాస్త ఆగాలి. దాని ట్రిగ్గరు దగ్గర ఒక కన్నమూ, పక్కన మడతపెట్టిన సన్నని కడ్డీ కొన్నిటిలో ఉంటాయి. ట్యూబు ముక్కుని కన్నంలో పెట్టి ట్రిగ్గరు నొక్కితే ముక్కు తెగుతుంది. కడ్డీని ముక్కులోకి దూర్చి లోపలి రేకు పొడవండి. గీత గీయడం పూర్తయ్యాక వెనక ఉన్న మీటని బొటనవేలితో నొక్కండి, ఒత్తిడి పోతుంది, సిలికాన్ కారడం ఆగుతుంది. ఇది తెలియక నేలంతా అంటించుకునే వాళ్ళే ఎక్కువ.

అడుగు 8: కటింగ్ ప్లేయరు, కరెంటు

దీన్ని చివరకి ఉంచడానికి కారణముంది. మొన దగ్గర చదునైన దవడ రేకులు, తీగలు పట్టడానికి. దాని వెనక పళ్ళున్న గుండ్రని పల్లం కడ్డీలు, పైపులు పట్టడానికి. ఇరుసు దగ్గర అంచులు తీగ కత్తిరించడానికి, కొన్నిటిలో ఇరుసు పక్కన బయటివైపు ఉండే చిన్న గాడులు గట్టి తీగలకి. గట్టి తీగని అంచుల కొసన పెట్టి మొత్తుకోకండి, ఇరుసుకి ఎంత దగ్గరగా జరిపితే అంత సులువుగా తెగుతుంది.

పిడుల మీద ఉన్న రబ్బరు తొడుగు మాత్రం చాలామంది అనుకునేది కాదు. రంగుగా, మెత్తగా ఉన్న తొడుగు చాలాసార్లు చేతికి పట్టు కోసమే. కరెంటు నుంచి కాపాడే పనిముట్టయితే దాని మీద రెండు త్రికోణాల గుర్తూ, పక్కన 1000 వోల్టులనీ ముద్రించి ఉంటుంది. ఐఈసీ 60900 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం పరీక్షించిన వాటికి ఆ ముద్ర వేస్తారు. ఇప్పుడే మీ ప్లేయరు పిడులు తిప్పి చూడండి. ముద్ర లేకపోతే మెయిన్ ఆపకుండా దాన్ని ఏ వైరుకీ తగిలించకండి. ముద్ర ఉన్నా సరే, ఇంట్లో పనికి ముందు మెయిన్ ఆపేసి టెస్టరుతో చూసుకోవడం తప్పదు. తొడుగు మీద చీలిక, కాలిన మచ్చ, లోహం బయటపడిన గీత ఏది కనిపించినా ఆ ప్లేయరుని కరెంటు పనుల పెట్టెలోంచి తీసేసి, మేకులు లాగే పనికి పెట్టుకోండి.